ఆ ఒక్క పన్ను సంగతి ముందు తేల్చుకో

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పళ్లు తెల్లబరుచుకోవడం డాక్టరు దగ్గరైతే గంటలో అయిపోతుంది, ఇంట్లో అయితే రెండు వారాలు పడుతుంది, ఏది మంచిది పెద్దమ్మా అని అడిగావు. ముప్పై ఏళ్లు పరాయి వాళ్ల నోళ్లలోకి తొంగిచూస్తూ గడిపిన దాన్ని, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. కానీ ఉత్తరం చివర, సంతకానికి ముందు, ముందు పళ్లలో ఎడమవైపుది మిగతావాటికంటే కాస్త నల్లగా ఉంటుందని ఒక్క ముక్క రాశావు చూడు, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. దాని సంగతికి వస్తాను.

పళ్ల రంగు మారడంలో రెండు రకాలున్నాయి. టీ, కాఫీ, పొగాకు వల్ల పైన పట్టే మరకలు ఒకటి. ఒకసారి డాక్టరు చేత పళ్లు శుభ్రం చేయించుకుంటే ఇవి చాలావరకు వదిలిపోతాయి. అది అయ్యాక అద్దంలో చూసుకుని, ఇక తెల్లబరిచే పని అక్కర్లేదని లేచి వెళ్లిపోయిన వాళ్లు నాకు బాగా గుర్తు. రెండోది లోపలి రంగు. పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్, దాని కింద ఉండే డెంటిన్ అనే పొర పుట్టుకతోనే పసుపు. వయసు మీద పడి ఎనామిల్ అరిగేకొద్దీ అది పైకి కనిపిస్తుంది. బొగ్గు పొడులూ నిమ్మరసమూ పెట్టి తోమేవాళ్లు ఈ సంగతి తెలియక ఎనామిల్‌నే అరగదీసుకుంటారు. పసుపు తగ్గదు సరికదా, మరింత బయటపడుతుంది.

లోపలి రంగును తగ్గించగలిగింది పెరాక్సైడ్ అనే రసాయనమే. అది ఎనామిల్ గుండా లోపలికి ఇంకి, రంగునిచ్చే పదార్థాలను విడగొడుతుంది. క్లినిక్‌లో వాడేదీ ఇంట్లో వాడేదీ ఈ కుటుంబానికి చెందినవే, తేడా అంతా గాఢతలోనూ సమయంలోనూ ఉంది. క్లినిక్‌లో సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూస్తారు. అంత ఘాటైనది తగిలితే చిగుళ్లు కాలతాయి కాబట్టి ముందు వాటికి రక్షణ పూత వేస్తారు. నీలి దీపం ఒకటి నోటి ముందు పెడతారు. చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ, ఆ దీపం వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. ఇంకో కిటుకు కూడా ఉంది. గంటసేపు నోరు తెరిచి ఉంచితే పళ్లలోని తడి ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనబడతాయి. తడి తిరిగి చేరాక ఆ మెరుపు కొంత తగ్గుతుంది, మోసపోయానని అనుకోకు.

నన్నడిగితే, తొందర లేనప్పుడు ఇంట్లో చేసుకునే రెండో దారే మేలు. డాక్టరు నీ పళ్ల అచ్చు తీసుకుని, వాటికి సరిగ్గా అతికే పలచని ట్రేలు చేయించి ఇస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి రాత్రి పెట్టుకుని పడుకోవడమే. ఆ 10 శాతం నుంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. నెమ్మదిగా పనిచేస్తుంది కానీ పళ్లు జివ్వుమనడం తక్కువ. ఒక్కో పంటి గదిలో ముందువైపు గోడకు బియ్యపుగింజంత చుక్క చాలు. ట్రే నొక్కగానే అంచు దాటి పైకి వచ్చిన జెల్‌ను వేలితోనో మెత్తని బ్రష్‌తోనో తుడిచేయి. చాలామంది ఇక్కడే బద్ధకించి, పొద్దున లేచేసరికి చిగురు అంచు తెల్లగా పాలిపోయి కనిపిస్తే బెంబేలెత్తిపోతారు. పళ్లు మరీ జివ్వుమంటే ఒక రాత్రి మానేయి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడు.

దుకాణంలో కొని పళ్లకు అంటించుకునే తెల్లబరిచే పట్టీల మీద నాకు పగ లేదు. పళ్లు వరసగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అవీ కొంత పనిచేస్తాయి. కానీ అచ్చు తీసి చేసినవి కావు కాబట్టి పంటికీ పంటికీ మధ్య సందుల్లోకి సరిగ్గా చేరవు. పైగా వాటిని అమ్మేటప్పుడు నీ నోరు ఎవరూ చూడరు. యూరోపియన్ యూనియన్‌లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను డాక్టరు ద్వారానే ఇవ్వాలనీ, 6 శాతం మించకూడదనీ, 18 ఏళ్లలోపు వాళ్లకు వాడకూడదనీ నియమం పెట్టింది అందుకే.

నోరు చూడటం ఎందుకంత ముఖ్యమో నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకామె వచ్చింది, వారంలో ఏదో వేడుక ఉందంది. ఆ హడావుడిలో ముందు పంటి మూలన ఉన్న పాత ఫిల్లింగ్‌ను నేను పట్టించుకోలేదు. పళ్లన్నీ తెల్లబడ్డాయి, ఫిల్లింగ్ మాత్రం పసుపుగానే మిగిలింది. ఫిల్లింగులకూ క్యాప్‌లకూ పెరాక్సైడ్ రంగు మార్చదు మరి. కొత్తది వేద్దామంటే, తెల్లబరిచాక పంటిలో మిగిలే ఆక్సిజన్ వల్ల అది గట్టిగా అతుక్కోదు, రెండు వారాలు ఆగాలి. ఆమె దగ్గర రెండు వారాలు లేవు. అద్దం నా చేతికి తిరిగి ఇచ్చేస్తూ ఆమె ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక నీ ఎడమ పన్ను. చిన్నప్పుడు ఉయ్యాల మీద నుంచి పడి పెదవి చిట్లించుకున్నావు, గుర్తుందా? ఒక్క పన్ను మాత్రమే నల్లబడిందంటే, ఏళ్ల కిందటి దెబ్బకు దాని లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. నొప్పి లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. అదే అయితే పైన ఎన్ని రాత్రులు జెల్ పూసినా మిగతావి తెల్లబడి అది ఇంకా ఎత్తి చూపినట్టు కనబడుతుంది. దానికి రూట్ కెనాల్ చేసి, లోపలి వైపు నుంచి మందు పెట్టి తెల్లబరుస్తారు. మిగతా పళ్ల రంగు సంగతి ఆ తర్వాత.

ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించుకో. వెళ్లే ముందు పగటి వెలుగులో, కిటికీ పక్కన నిలబడి, పళ్లు కనబడేలా ఒక ఫోటో తీసి నాకు పంపు. లిప్‌స్టిక్ వేసుకోకు, అది పళ్లను ఉన్నదానికంటే తెల్లగా చూపించి నన్ను కూడా బురిడీ కొట్టిస్తుంది.

మీ పెద్దమ్మ