పాత జిప్సీకి పెద్ద టైర్లా? ముందు జాకీ వేయండి

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల గురించే. నాలుగింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాకు కాఫీ తోట ఉంది. 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్ కొన్నాను. ఇప్పుడు 205/70 ఆర్ 15 టైర్లున్నాయి. 31 అంగుళాల మడ్ టైర్లు వేసి, బండిని మూడు అంగుళాలు లేపాలని ఉంది. లక్షన్నర దాకా పెట్టగలను. ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటారు?
– ఒక రైతు, పాడేరు

జవాబు: మంచి బండే కొన్నారు. 1985 చివర్లో వచ్చిన జిప్సీని మామూలు జనానికి అమ్మడం 2019లో ఆపేశారు. మిలిటరీ వాళ్లు విరివిగా వాడారు కాబట్టి సామానుకు ఇంకా కరువు లేదు. కానీ టైర్ల షాపుకు ఇప్పుడే వెళ్లకండి.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం నేల వదిలేదాకా జాకీతో లేపండి. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. టకటకమని ఆడుతోందా? అయితే ఎవరినైనా బ్రేకు నొక్కి ఉంచమనండి. నొక్కగానే ఆట పోతే వీల్ బేరింగు. నొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్‌పిన్ బేరింగు, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే చోట ఉండేది. ఆ బేరింగు అరిగిన బండి కాస్త వేగం మీద గతుకులో పడితే స్టీరింగు చేతుల్లో నిలవదు. అప్పుడు చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ కొని బిగిస్తారు. అది వణుకును దాస్తుందే గానీ బేరింగును బాగుచెయ్యదు.

చక్రం వెనక గుండ్రంగా ఉండే నకిల్‌ను కూడా చూడండి. పైన పల్చగా గ్రీజు పొర ఉంటే మంచిదే. గేర్ ఆయిల్ చుక్కలు కారుతుంటే మాత్రం లోపలి యాక్సిల్ సీలు పోయినట్టే. ఆ ఆయిల్ గ్రీజును పల్చన చేసి కడిగేస్తుంది, కొన్నాళ్లకు లోపల చక్రాన్ని తిప్పే జాయింటు కూడా పోతుంది. సీళ్లు, బేరింగులు, గ్రీజు పని రెండు వైపులా ఒకేసారి చేయించండి. ఒక పక్కే విప్పి రెండోది తర్వాత చూద్దామనుకుంటే కూలీ రెండుసార్లు ఇస్తారు.

తర్వాత కమాన్ కట్టలు, అంటే పట్టీలు పేర్చిన స్ప్రింగులు. పట్టీల మధ్య తుప్పు పట్టి బిగుసుకుపోతే స్ప్రింగు వంగడం మానేస్తుంది. జిప్సీ ఎక్కితే నడుం విరుగుతుందనే చెడ్డపేరులో సగం ఈ తుప్పుదే. విప్పించి, ఇనుప బ్రష్షుతో గీకించి, గ్రాఫైట్ గ్రీజు పూసి, బుష్షులు కొత్తవి వేయించండి. కూర్చుండిపోయిన పట్టీలను మళ్లీ కొట్టించి వంపు తెప్పిస్తే, మీరు కోరుకునే ఎత్తులో కొంత అక్కడే వచ్చేస్తుంది.

ఇక ఆ 31 అంగుళాల మోజు. మీ టైరు ఎత్తు 26.3 అంగుళాలు. 31 వేస్తే 18 శాతం పెరుగుతుంది, లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. మీది 60 హార్స్‌పవర్ కార్బురేటర్ ఇంజను. బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు ఇప్పుడు రెండో గేర్లో పోయే చోట మొదటి గేరు వెయ్యాల్సి వస్తుంది, క్లచ్ కాలుతుంది. మీటరు 50 చూపిస్తుంటే బండి 59లో పోతుంది, ఆపాల్సినవేమో పాత బ్రేకులే. 215/75 ఆర్ 15 ఆల్ టెరైన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేసుకోండి. దాని ఎత్తు 27.7, తేడా అయిదు శాతమే. నాలుగు నెలల వానల కోసం ఏడాది పొడుగునా మడ్ టైర్ల హోరు భరిస్తూ విశాఖపట్నం వెళ్లి రావడం నావల్లయితే కాదు.

మూడు అంగుళాల లిఫ్ట్ వద్దు. ఇంజను శక్తిని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి దాని చివరి జాయింట్లు (క్రాసులు) త్వరగా పోతాయి, బ్రేకు హోసులు పొడుగు చాలవు. పైగా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. ఫిట్‌నెస్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆ టెన్షన్ ఎందుకు?

ప్రశ్న: పాత సఫారీ ఫోర్ బై ఫోర్‌తో నడుంలోతు వాగు దాటాను. ఇంజనుకేమీ కాలేదు. వారానికి వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల డబ్బా) డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ పాల టీలా వచ్చింది. సీళ్లు కొత్తవే. నీళ్లెలా వెళ్లాయి?
– ఉట్నూరు పాఠకుడు

జవాబు: సీళ్లను తిట్టకండి, బ్రీదర్ చూడండి. యాక్సిల్ మీద చిన్న టోపీ పెట్టుకున్న గొట్టం ఉంటుంది. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి దాన్నుంచే బయటికి పోతుంది. ఆ వేడి మీద చల్లటి వాగులో దిగారనుకోండి, లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి పీలుస్తుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే దాన్నుంచి. బురదతో మూసుకుపోతే సీలు అంచుల నుంచి. కొత్త సీళ్లయినా సరే, అవి లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికే ముఖ్యంగా చేసినవి.

ఆ టోపీ తీసేసి, ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు హోసు తొడిగి, క్లాంపు వేసి, బాడీ లోపల ఎత్తైన చోటికి తీసుకెళ్లండి. యాక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి కాస్త లూజు వదలాలి. పెద్ద ఖర్చేమీ కాదు. పాత ఆయిల్ పూర్తిగా దించి, కొత్తది పోసి కొన్ని కిలోమీటర్లు నడిపి మళ్లీ దించండి. రెండోసారి కూడా తెల్లగా వస్తే మూడోసారి. ఇకముందు వాగు ఒడ్డున పావుగంట ఆగి, హౌసింగ్ చల్లారాక దిగండి. నడుంలోతు పారే నీళ్లలో అసలు దిగనేకూడదు, అది వేరే సంగతి.

ప్రశ్న: సూర్యలంక వైపు ఇసుకలో బండి మాటిమాటికీ కూరుకుపోతోంది. ఫోర్ వీల్ వేసినా అంతే. రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాకర్ వేయించనా?
– బాపట్ల పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. టైర్లలో గాలి 28 పీఎస్ఐ ఉంటే 18కి దించండి. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఆ గాలితో స్టీరింగు గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు, కాబట్టి వంపులు నిదానంగా తీసుకోండి. రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టించాలి. చక్రం ఒకేచోట తిరిగితే వెంటనే కాలు తీసేయండి, లేకపోతే గొయ్యి మీరే తవ్వుకున్నట్టు. ఇంటికి రాగానే కింద ఛాసిస్‌కు మంచినీళ్లు కొట్టండి. ఇంకో మాట: జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో ఒడ్డు మీదికి బండి వద్దు.

ప్రశ్న: జిప్సీలో ఫోర్ వీల్ వేసి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాను. మలుపులో స్టీరింగు బిగిసింది, ఇప్పుడు లివరు వెనక్కి రావడం లేదు. గేర్‌బాక్స్ పోయిందా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: పోలేదు. జిప్సీలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య, అవి వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. స్టీరింగు తిన్నగా ఉంచి నాలుగైదు మీటర్లు రివర్సులో వెళ్తూ లివరు లాగండి. రాకపోతే ఒక ముందు చక్రాన్ని జాకీ మీద లేపితే బిగువు విడిపోతుంది. లివరును సుత్తితో కొట్టకండి. ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు ఉంటే తారు రోడ్డు మీద ‘ఫ్రీ’లోనే ఉంచండి. నెలకోసారి మట్టి రోడ్డు మీద లాక్ చేసి కాసేపు నడిపితే ముందు యాక్సిల్లో ఆయిల్ అన్నిచోట్లకీ చేరుతుంది.