వాడి వరస చెరపకు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పినా నీ చెవికెక్కదని ఊరుకున్నాను. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఆటిజం అని డాక్టర్ రాసిచ్చిన కాగితం చూశాక బాబు నీకు ఎవరి పిల్లాడో అన్నట్టు కనబడుతున్నాడన్నావు చూడు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. మొన్నటి దాకా వాడు గుమ్మంలో చెప్పులన్నీ పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేరిస్తే ఫోటోలు తీసి మాకు పంపి మురిసిపోయేదానివి, ఇప్పుడు అదే పని చేస్తుంటే చేతిలోంచి లాగేస్తున్నావట. అలా చెయ్యకు. పక్కన కూర్చుని నువ్వూ ఒక చెప్పు అందించు, తీసుకుంటాడో లేదో చూడు.

మా అమ్మాయికి ఇప్పుడు 19 ఏళ్ళు. దానికి ఆరేళ్ళు వచ్చేదాకా నేనూ నీలాగే లాగేశాను. దూది కనబడితే చాలు, దిండు చింపి మరీ వేళ్ళతో నలుపుతూ కూర్చునేది, ఒకట్రెండు సార్లు కొట్టాను కూడా, తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. పొందూరులో మా అత్తగారు నూలు వడికేవారు, నీకు తెలుసుగా. గింజ తీయకముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, సన్నటి పళ్ళతో దువ్వెనలా ఉంటుంది అది. ఒకరోజు ఆవిడ ఏమీ అనకుండా ఒక ఎముక పిల్ల ముందు పెట్టి, తను ఇంకోటి పట్టుకుని ఏకడం మొదలెట్టారు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోదని ఒక బడివాళ్ళు పంపేసిన పిల్ల గంటన్నర కదల్లేదు. పత్తిలో చిక్కుకున్న ఆకు తునక, చిన్న నలక, చూడకుండానే వేళ్ళతో పట్టేసేది. పత్తి అయిపోయాక ఎముక ఆవిడ వైపు చాపి "ఇంకా" అంది. కావాలని అడగడానికి అది అన్న మొదటి మాట. ఆ రాత్రి పరమాన్నం వండుకున్నాం. ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం దినం అంటారు, మంచిదే, కానీ మా ఇంట్లో పండగ ఇలాంటి రోజుల్లోనే జరిగింది.

ఇది చదివి నీ కొడుకులో కూడా ఏదో విద్య దాగుందని వెతకడం మొదలెట్టకు. ఈ పిల్లలంతా మేధావులు అని ఓదార్చేవాళ్ళు నీకు బోలెడు మంది దొరుకుతారు. కొందరికి లెక్కలో, సంగీతమో గొప్పగా వస్తాయి, చాలామందికి రావు. మా పిల్ల ఇవాళ్టికీ నూలు వడకదు, పత్తి ఏకడమంటేనే ఇష్టం. ఆ ఇష్టాన్ని చూసి సంతోషపడటానికి అది రేపు డబ్బు తేవాలా, పేరు తేవాలా?

మాటల గురించి బెంగ పెట్టుకున్నావు కదా, విన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడని. దాని వెనక ఏముందో చూడు. మా పిల్ల ఇంట్లో నిలబడి బస్సు కండక్టర్లా "చిలకపాలెం, పొందూరు, రాజాం" అని అరిచేది. పిచ్చి మాటలనుకుని నోరు మూయించేదాన్ని, మామ్మ దగ్గరికి తీసుకెళ్ళమని అడుగుతోందని అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది. ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఏ మాట ఎప్పుడన్నాడో, ముందు ఏం జరిగిందో, తేదీ వేసి రాయి. వాణ్ణి ఏదైనా అడిగితే మనసులో పది లెక్కపెట్టు, అప్పటిదాకా మళ్ళీ అడగకు. నా కళ్ళల్లోకి చూడు అని గడ్డం పట్టుకోకు, చూడకుండా కూడా వింటారు.

కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటున్నాడంటే పెంకితనం కాదు, వాడికి నిజంగానే భరించలేనంత శబ్దం అది. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి ఆ జనంలోకి, ఆ డప్పుల్లోకి ఎత్తుకెళ్ళకు, ఎవరేమన్నా సరే. వేరే నెలలో ఖాళీగా ఉన్న రోజు పొద్దున్నే గుడికి తీసుకెళ్ళు, అమ్మవారేమీ అనుకోదు.

ఇంక నీ తప్పా అని అడిగావు. కాదు. నీ పెంపకం వల్లా రాలేదు, దిష్టి వల్లా రాలేదు, టీకాల వల్ల అసలే రాలేదు. టీకాలకి ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. నయం చేస్తాం, మందిస్తాం అని ఎవరైనా డబ్బులడిగితే దండం పెట్టి లేచి వచ్చెయ్. స్పీచ్ థెరపీ మాత్రం మానకు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రం ఉంటుంది, వెళ్ళి అడుగు. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ పెట్టించు, సిగ్గుపడకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ఆ కారణంతో బడిలో చేర్చుకోం అంటే గట్టిగా మాట్లాడు, నేను అప్పట్లో టీసీ తీసుకుని ఏడుస్తూ ఇంటికొచ్చేశాను, నువ్వలా రాకు.

అన్నట్టు మీ అత్తగారి ముందు, వాడు వింటుండగా, "పాపం" అనే మాట రానివ్వకు.

శనివారం వస్తున్నాను, అమ్మాయిని కూడా తెస్తున్నాను. మేం వచ్చేసరికి గుమ్మం సర్దెయ్యకు. నా చెప్పులు వాడు ఏ వరసలో, ఎన్నో చోట పెడతాడో చూడాలని ఉంది.

మీ అత్త,
శ్రీకాకుళం