రాత్రంతా నడిచే లెక్క

ప్రశ్న: గాలిలోని మసి, ధూళి కణాలు వెలుగును ఎంత చెదరగొడతాయో, ఎంత పీల్చుకుంటాయో లెక్కగట్టే నా ప్రోగ్రాం రాత్రంతా నడుస్తోంది. త్వరగా తెమిలే దారి ఉందా?

జవాబు: నేనూ ఇలా కాపలా కూర్చున్నవాడినే! గుండ్రటి కణాలకు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) 1908లో ఇచ్చిన సూత్రాలు కచ్చితమైనవే. చిక్కల్లా వాటిలో ఒక్కో పదం కూడుతూ పోవాల్సిన శ్రేణి పొడవుతో. 0.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగులో అర మైక్రాన్ వ్యాసార్ధమున్న కణానికి సుమారు 15 పదాలు చాలు, 10 మైక్రాన్లకైతే 135 దాకా కావాలి. ఇదంతా ప్రతిసారీ మొదటి నుంచి ఎందుకు? పరిమాణం, తరంగదైర్ఘ్యం, వక్రీభవన గుణకం (కణం వెలుగును ఎంత వంచుతుందో, ఎంత పీల్చుకుంటుందో చెప్పే సంఖ్య) మారుస్తూ ఒక్కసారి పట్టిక కట్టుకోండి, మధ్య విలువలు అందులోంచే అంచనా వేయొచ్చు. పరిమాణాలను లాగరిథమ్ మెట్లలో, అంటే ప్రతి మెట్టూ ముందుదానికి ఒకే రెట్లు ఉండేలా పేర్చండి. సమాన మెట్లు పెట్టి చిన్న కణాల దగ్గర నేను దెబ్బతిన్నాను. మసికి వక్రీభవన గుణకంలోని కల్పిత భాగం (imaginary part) వదిలేయకండి, పీల్చుకోవడమంతా దాని చలవే. ఎడారి ధూళి గుండ్రంగా ఉండదు కాబట్టి దానికి వేరే పట్టిక కావాలి.