కాగితం ముక్కలు అతికించి బొమ్మలు చేసే కొలాజ్ చిత్రకారులు బొమ్మ ఎలా రావాలో ముందే అనుకుని మొదలుపెడతారా?

అందరూ కాదు. అమెరికా చిత్రకారుడు రొమారే బేర్డెన్ (1911–1988) సంగతే చూడండి. బోర్డు మీద ముందు కొన్ని దీర్ఘచతురస్రాకారపు రంగు కాగితాలు అతికించేవారు. ఆ పైన పత్రికల్లోంచి కత్తిరించిన ముఖాలు, కళ్లు, చేతులు పేర్చేవారు. ఒక ముక్క పెట్టాక, దాన్ని బట్టి రెండోది.

అలాగని చేతికొచ్చింది అంటించేయడం కాదు. ఇన్‌ట్యూషన్ అని మనం అనేదాంట్లో సగం సాధనే అని నా అభిప్రాయం. న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెమ్‌లో పెరిగిన బేర్డెన్‌కి జాజ్ సంగీతం కొత్తేమీ కాదు. అయినా తోటి చిత్రకారుడు స్టువర్ట్ డేవిస్ చెప్పాక జాజ్ కళాకారుడు ఎర్ల్ హైన్స్ పియానోను మళ్లీ శ్రద్ధగా విన్నారు. ఈసారి స్వరాల కంటే వాటి మధ్య ఖాళీల మీదే దృష్టి. రంగుకీ రంగుకీ మధ్య ఎంత జాగా వదలాలో అలా పట్టుబడింది. పాత డచ్ చిత్రాల్లో గదుల అమరికనూ అంతే ఓపికగా చదివారు.

బొమ్మల్లోకి వచ్చే మనుషులు మాత్రం జ్ఞాపకాల్లోంచే: నార్త్ కరొలైనా పల్లెవాళ్లు, దూరంగా పోయే రైలు, పిట్స్‌బర్గ్‌లో అమ్మమ్మ బోర్డింగ్ హౌస్‌లో ఉండే ఉక్కు కార్మికులు. 1964లో పేరు తెచ్చిన కొలాజ్‌లు చేసేనాటికి ఆయన న్యూయార్క్ సంక్షేమశాఖలో ఉద్యోగి కూడా!