మూడో రోజుకే ఆ చెయ్యి లేపకు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక చిరాకుతో పక్కన పడేశాను. పక్షవాతం వచ్చిన తండ్రికి చర్చి గురువుగారు వచ్చి తైలం రాయగానే ఇంటిల్లిపాదీ ఆఖరి ఘడియ వచ్చిందని గొల్లుమంటారు. మూడో రోజుకే ఆ తండ్రి పడిపోయిన చెయ్యెత్తి సిలువ గుర్తు వేసుకుంటాడు. మొదటిది తెలియక రాశావు, రెండోది తొందరపడి రాశావు.

ఆ అభ్యంగనం, అంటే రోగికి ప్రార్థనతో తైలం రాయడం, చావుకు ముందు జరిపే తంతు కాదు. 'వ్యాధిగ్రస్తుల అభ్యంగనం' అనడమే తగినదనీ, అది చావు అంచున ఉన్నవారికి మాత్రమే కాదనీ కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. నుదుటికీ రెండు చేతులకూ తైలం రాస్తారు. నాకూ రాశారు. ఎడమ అరచేతికి ఆ తడి తెలిసింది, కుడిచేతికి తెలియలేదు. నీ కథ ఆ తేడా దగ్గర మొదలవ్వాలి.

నాకు మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. చెప్పాలనుకున్నది లోపల స్పష్టంగానే ఉండేది, నోటికి వచ్చేది కాదు. జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి, భార్యను పేరు పెట్టి పిలవలేకపోయాను. అయిదో రోజు సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని జపమాల అందుకుంది. 'దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా' అంటూ సగం చెప్పి ఊపిరి తీసుకుంది. మిగతా సగం, 'పరిశుద్ధ మరియమ్మా' నుంచి ఆమెన్ దాకా, నా నోట వచ్చింది. ఒక్క అక్షరం తప్పలేదు. ఆమె ఏడ్చింది. ఆ వెంటనే నేను 'నీళ్లు' అనబోయాను. రాలేదు.

చిన్ననాటి నుంచి వల్లించిన ప్రార్థనలు, పాటలు, అంకెలు కొందరిలో అలా మిగులుతాయని మాట నేర్పడానికి వచ్చిన థెరపిస్టు చెప్పింది. ఆ వివరణ విన్నాక నా విశ్వాసం తగ్గలేదు. అమ్మ రోజూ నా చేత చెప్పించిన జపం, గడ్డ చేరలేని చోట భద్రంగా ఉండిపోయిందనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అందుకే అడుగుతున్నాను, నీకు అద్భుతం ఎందుకు? ఆ మరియమ్మ ప్రార్థననే మంగళవార్త జపం అంటాం; జపమాలలో అది 53 సార్లు. ఫిజియోథెరపీలో వేళ్లు ముడిచి తెరవడం కూడా అలాంటిదే, నిన్నటిదే ఇవాళ మళ్లీ చెయ్యాలి. చెయ్యి కదలడం నెలల పని. కొందరికి పూర్తిగా రాదు. ఆ నెలల్లో రోగి దేవుడితో ఏం మాట్లాడుకున్నాడో రాయి. విశ్వాసం ఉన్నది అక్కడే. నీ కథలో ఆయన రెండో రోజే గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాడు. మింగే పరీక్ష కాకుండా నీళ్లు పడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నాకు చాలా రోజులు దివ్యసత్ప్రసాదం, అదే పూజలో ఇచ్చే అప్పం, కూడా నోట పెట్టలేదు. గురువుగారు పక్క మంచం ఆయనకు ఇస్తుంటే చూస్తూ ఉండేవాణ్ణి. పరీక్ష గట్టెక్కిన రోజున ఆయన చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టారు. అంత ఆకలి నాకు మరెప్పుడూ తెలియదు.

ఇదంతా కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, ప్రార్థన తీసేస్తే వేసుకుంటామన్నారు. భక్తి పత్రిక సంపాదకుడు చివర్లో చెయ్యి లేపమన్నాడు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా వార్డులో ఒక రాత్రి కూర్చున్నారా అని ఇప్పటికీ నాకు కోపం. నువ్వు ఆ రెండో ఆయన కోసం రాసినట్టున్నావు.

రెండోసారి ఎందుకు చదివానో చెప్పాలి కదా. 'జారేది పూసో, వేలో నాన్నకు తెలియడం లేదు' అని ఒక చోట రాశావు. అది చూసి రాసింది కాకపోతే ఆ మాట రాదు. ఎవరిని చూశావో నేను అడగను.

కలం పేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వాక్యంతో మొదలుపెట్టి తిరగరాయి. తైలం రాస్తున్నప్పుడు ఆయన తన కుడిచేతి వంక ఎలా చూశాడో రాసి పంపు.

ఆశీస్సులతో