పోర్ట్ వైన్ కోసం పోర్చుగల్ వెళ్తే పోర్టో నగరం చాలా, డోరో లోయ దాకా వెళ్ళాలా?

రుచి చూడటం వరకే అయితే పోర్టో చాలు. నది దాటితే విలా నోవా ది గాయాలో వరసగా గోదాములు, పీపాల్లో వైన్ ఏళ్ల తరబడి మాగేది అక్కడే. కానీ ద్రాక్ష పండేది అక్కడ కాదు, డోరో నది ఎగువన. 1756లోనే హద్దులు గీసిన వైన్ ప్రాంతమది. నన్నడిగితే ఒక రాత్రైనా అక్కడ ఉండాల్సిందే.

పోర్టో నుంచి డోరో లోయలోని పిన్యావ్ ఊరికి రైలుంది, సుమారు రెండున్నర గంటలు. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, సగం దారి నుంచి పట్టాలు నదిని ఆనుకునే వెళ్తాయి. పిన్యావ్ స్టేషన్ గోడల మీద నీలిరంగు పలకల్లో ద్రాక్ష కోత బొమ్మలుంటాయి, దిగగానే బయటికి పరిగెత్తకండి.

అసలు సందడి సెప్టెంబర్ కోతలప్పుడు. కొన్ని తోటల్లో ఇప్పటికీ రాతి తొట్లలో పండ్లను కాళ్లతోనే తొక్కుతారు. రసం పులియడం పూర్తి కాకముందే ద్రాక్ష సారాయి కలిపేస్తారు. దాంతో ఈస్ట్ చచ్చి, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. అందుకే అంత తీపి, ఆల్కహాల్ మాత్రం 20 శాతం దాకా. తియ్యగా ఉంది కదా అని జ్యూస్‌లా తాగారో, అంతే సంగతులు!

జూలై, ఆగస్టుల్లో వద్దు, ఒక్కోసారి 40 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల ఎండ కోసం పోర్చుగల్ దాకా ఎందుకు? కొండదారి నిండా మలుపులే కాబట్టి, టేస్టింగ్ ఉన్న రోజు కారు మీరు నడపకండి.