టెక్ సందేహాలు: పడవలో నీళ్ల పంపు, సెల్లార్‌లో పడవ పంపు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి ఓ పాత వేక్ బోటు కొన్నాడు. అందులో బ్యాలస్ట్ ట్యాంకులు (పడవ బరువు పెంచే నీళ్ల ట్యాంకులు) మూడు, ఒక్కోటి 400 లీటర్లు, ఒక్కోదానికి ఒక పంపు. నిండడానికి 20 నిమిషాలు పడుతోందట. 800 గ్యాలన్ల పంపులు తీసేసి 1,200వి వేస్తానంటున్నాడు. నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఆ మోటార్లనే ఎక్కువ స్పీడు వచ్చేలా ఇక్కడ చుట్టి పంపిస్తే ఖర్చు కలిసొస్తుంది కదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ చివరి మాటకు ముందు జవాబు చెప్తాను. వద్దండి. మీ పనితనం మీద అనుమానం ఏమీ లేదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. మోటార్ బ్రష్‌ల దగ్గర రవ్వలు రావడం మీకు తెలిసిందే. అందుకే పెట్రోల్ ఇంజిన్ ఉన్న చోట పెట్టే పంపులు, స్విచ్చులు ‘ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్’ రకం అయి ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. లోపల రవ్వ పుట్టినా బయటి ఆవిరి అంటుకోకూడదన్నమాట. విప్పి మళ్లీ చుట్టిన మోటారుకు ఆ భరోసా ఉండదు.

ఇలాంటి బోటు చూడని వాళ్ల కోసం ఒక మాట. లక్నవరం చెరువులో తిరిగే బోటు వెనక అల ఎంత తక్కువ లేస్తే అంత మంచిది. వేక్ బోటుకు అల ఎంత పెద్దగా లేస్తే అంత సంబరం, ఎందుకంటే వెనక ఒకరు పలక మీద నిలబడి ఆ అల మీదే ఆడతారు. అందుకోసం చెరువు నీళ్లనే ట్యాంకుల్లోకి తోడి పడవను బరువెక్కించి కిందికి దించుతారు. మీవాళ్ల మూడు ట్యాంకులూ నిండితే 1,200 కిలోలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 800 అంటే గంటకు 800 గ్యాలన్లు, దాదాపు 3,000 లీటర్లు. నిమిషానికి 50 లీటర్లు. ఆ లెక్కన 400 లీటర్ల ట్యాంకు 8 నిమిషాల్లో నిండాలి. పంపు డబ్బా మీది అంకె నీళ్లను ఎత్తుకు నెట్టకుండా, పైపు తగిలించకుండా కొలిచింది కాబట్టి 10, 12 నిమిషాలైనా సరే అనుకోవచ్చు. 20 పడుతోందంటే పంపు చిన్నదని కాదు, నీళ్లకో కరెంటుకో దారిలో ఎక్కడో అడ్డం ఉంది. అది తీయకుండా 1,200 పెడితే డబ్బులు పోయాయన్న బాధ తప్ప పెద్ద తేడా కనిపించదు.

మొదట మల్టీమీటర్ పట్టుకోమనండి. పంపు నడుస్తుండగా దాని తీగల దగ్గరే వోల్టేజీ చూడాలి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి పంపు దగ్గర 11 వస్తుంటే తప్పు వైరుది, లేదా తుప్పు పట్టిన జాయింట్లది. వోల్టేజీ తగ్గితే ఈ డీసీ మోటారు స్పీడు అంతే తగ్గుతుందని మీకు చెప్పక్కర్లేదు. నీళ్లను పైకి నెట్టే శక్తి మాత్రం స్పీడుకు వర్గంగా పడిపోతుంది. 13.5 నుంచి 11కి దిగితే మూడో వంతు పోయినట్టే. 1,200 పంపు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, పాత సన్న వైరు మీద మరింత పడిపోతుంది. మార్చేదుంటే మందం వైరు, అదీ తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేయాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి.

రెండోది, ట్యాంకులోంచి గాలి బయటికి పోయే వెంట్ పైపు. అది మడత పడినా, సాలెగూడు, పురుగుల మట్టి పేరుకున్నా గాలి వెళ్లలేదు, నీళ్లు లోపలికి రాలేవు. నా అనుమానం ఎక్కువగా దీని మీదే.

మూడోది, పంపుకు గాలి పట్టడం. బావి మీది మోటారుకు నీళ్లు పోసి స్టార్ట్ చేసినట్టే, ఈ చిన్న సెంట్రిఫ్యూగల్ (నీళ్లను గిరగిరా తిప్పి నెట్టే) పంపులు కూడా తమంతట తాము నీళ్లు ఎత్తుకోలేవు. నీటి మట్టానికి కిందే ఉండాలి, పైపు ఎక్కడా వంపు తిరిగి గాలి నిలవకుండా ఎగువకే పోవాలి.

ఇవన్నీ సరిగా ఉండి, అప్పటికీ ఆలస్యమైతే 1,200 వేయొచ్చు. దాంతోపాటు పైపు కూడా మార్చాలి. ముప్పావు అంగుళం పైపు కంటే అంగుళం పైపు నోరు 1.8 రెట్లు పెద్దది. రబ్బరు ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) ఉన్న పంపులు ఇంకో దారి. నీళ్లు తామే ఎత్తుకుంటాయి, ప్లస్, మైనస్ తీగలు అటూ ఇటూ మారిస్తే అదే పంపు ఖాళీ కూడా చేస్తుంది. కాకపోతే కరెంటు ఎక్కువ లాగుతాయి, నీళ్లు లేకుండా నడిస్తే రబ్బరు కాలిపోతుంది. మరిచిపోయే అలవాటున్న కుర్రాళ్లకు నేను వాటిని చెప్పను.

పంపులు బలంగా ఉన్నాయి కదా అని అదనపు నీళ్ల సంచులు వేసి బరువు పెంచొద్దని గట్టిగా చెప్పండి. తయారీదారు చెప్పిన పరిమితిలో నీళ్లూ మనుషులూ కలిపే లెక్క. ముక్కు దిగిన పడవలోకి సొంత అలే ఎక్కొచ్చు.

ఖాళీ చేయడం కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో చెరువు నుంచి బయటికి వచ్చేటప్పుడు పడవలో నీళ్లన్నీ వదిలేయాలని 2014 నుంచి చట్టం ఉంది. జీబ్రా మసెల్ అనే వేలిగోరంత ఆల్చిప్ప ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకుతోంది. ఆస్టిన్ పక్కనున్న లేక్ ట్రావిస్‌లో 2017లోనే దొరికింది.

ప్రశ్న: వానాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొస్తాయి, అప్పుడే కరెంటు పోతుంది. పడవల్లో వాడే 12 వోల్టుల పంపును ఇన్వర్టర్ బ్యాటరీతో నడపొచ్చా?
– ఒక పాఠకురాలు, నయీంనగర్

జవాబు: నడపొచ్చు. నిలిచిన నీళ్లలో 230 వోల్టుల మోటారు దించి టెన్షన్ పడేకంటే ఇదే నయం. గంటకు నాలుగు వేల లీటర్ల రకం నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో సగమే వాడినా రాత్రంతా వస్తుంది. కానీ రెండు మీటర్ల ఎత్తు దాటితే నీళ్లు బాగా తగ్గిపోతాయి. సెల్లార్ లోతుగా ఉంటే ఒక్క పంపు మీద ఆశ పెట్టుకోకండి. బ్యాటరీ పై అంతస్తులోనే ఉంచి మందం వైరు కిందికి దించండి, బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు తప్పనిసరి. ఫ్లోట్ స్విచ్ కూడా కొనండి, నీళ్లు చేరగానే అదే ఆన్ అవుతుంది.